పదహారో ఛానల్

కొండమల్లేపల్లిల ఏ బస్సెక్కినా
సముద్రం పూటల దొరకదు.
అయినా పదిహేడేండ్లు దాని గొంతు విన్న,
కోస్టుగార్డు ఓడల, రేడియో గదిల,
చెవులకు కొబ్బరి చిప్పలంత డిప్పలు పెట్టుకొని.

ఇప్పుడు బస్టాండు ఎనుక
కాలిపోయిన మోటర్లకు తీగె చుడుత.
"నేవీల ఎంతమందిని కాల్చినవు సారూ?" అంటరు పొలగాండ్లు.
నేవీ కాదురా అని రెండుసార్లు చెప్పి ఇడిసిపెట్టిన.
నేను పేల్చింది ఒక్కటే మాట,
"మళ్ల చెప్పుండ్రి."

మాలె గొంతు మెత్తగ,
పోర్ట్ లూయీ గొంతు ఫ్రెంచిల నానిన ఇంగ్లీషు,
నాది మిరం తగిలిన ఇంగ్లీషు.
అక్షాంశం మళ్ల చెప్పుండ్రి.
ఎంతమంది, మళ్ల చెప్పుండ్రి.
పదహారో ఛానల్ ఎవ్వరూ మూయొద్దు.
నీళ్ల మీద అది అందరి వాకిలి.

ఒక వానకాలం
చేపల పడవ ఒకటి ఇంజను చచ్చి
నాలుగొద్దులు కానరాలే.
మూడు దేశాల గీతలు మ్యాపుల
నా చూపుడువేలు గోరంత జాగల కలుస్తయి.
ఆ గోటి కిందనే ఎక్కడ్నో.
విమానం ఒకరిది, ఓడ మాది,
దగ్గర్ల ఉన్న దవఖాన ఇంకొకరిది.
ఎవరి మనుషులని ముందుగాల ఎవ్వరూ అడుగలే.
తర్వాత అడిగిన్రు లే,
కాయితాలు, మొహర్లు, ఎత్తిపొడుపులు.
ముందటి నెలనే ఒకరి పడవలొకరు
పట్టుకపోయినోళ్లం. అబద్ధమెందుకు.

రాత్రి మూడింటికి కొలంబో గొంతు
పని మాటలు ఒడిసినంక మెల్లగ అడిగింది,
"మీ దిక్కు వాన పడుతుందా?"
నా నెత్తిమీద డెక్కు కుండపోతల మోగుతుంది.
నేను లేదన్న.
మా దిక్కు అంటే నాకు యాదికొచ్చేది ఇదే.

ఏడుగురిల ఆరుగురు దొరికిన్రు.

ఈ యాసంగి కాల్వకు నీళ్లిడిసిన్రు.
మేము ఆఖరోళ్లం.
పైన నాలుగూర్లు, నాలుగు తూములు,
తూముకాడ రాళ్లు, గడ్డిమోపులు,
చీకటైతే పాముల లెక్క జారే పైపులు.
గెట్టు జానెడు జరిగితె
తాత పేరు దీసి తిట్టుకునే జాతి మాది.
కట్టెలు లేసినయి.
నేనన్న, కొట్లాట రేపు పెట్టుకుందాం,
ఇయ్యాల్టి సంది గంటకొక తూము గొంతియ్యాలె.
మట్టమెంత, ఎవరున్నరు, ఏం చప్పుడైంది,
దాచకుండ చెప్పాలె.

"నీ సముద్రం ఈడ నడువదు" అన్నడు
కుర్మ సాయిలు, బీడి చేతుల నలిపి.
ఎవ్వరూ మాట్లాడలే.
అందరికంటె పైనున్న తండా నుంచి,
నీళ్లకు కరువే లేనోళ్ల నుంచి,
కేళీబాయి లేసింది.
"పోయినేడు మా బర్రె కొట్టుకపోతె
కింద పట్టింది మీరే గదా.
దాని పగ్గం గూడ మల్లిచ్చిన్రు" అన్నది.
ఇంకేం చెప్పలే. చెప్పు తొడుక్కొని పోయింది.

మూడో రాత్రి రెండో తూమోళ్లు ఫోనెత్తలే.
మా కాడ నీళ్లు బెత్తెడు దిగినయి.
సాయిలు నా దిక్కు చూసిండు.
నేను మళ్ల కొట్టిన, మళ్ల కొట్టిన.
సముద్రం మీద గూడ ఎత్తనోళ్లుండిరి.
వాళ్లు ఎత్తలేదని
మనం వాకిలి మూస్తమా?

తెల్లారి సాయిలు పోయి
రెండో తూముకాడ కూసున్నడు,
కట్టె లేకుండ, సద్ది మూటతోటి.
ఏం మాట్లాడుకున్నరో నాకెర్కలే.

నిన్న రాత్రి రెండు కొట్టినంక
ఫోన్ల కేళీబాయి గొంతు:
"పైతూము. నీళ్లు మోకాలు మట్టం.
నేనున్న, మనుమడున్నడు,
ఒక కుక్క ఉన్నది, ఎవరిదో తెల్వదు.
చుక్కలు మస్తుగ ఉన్నయి. అంతే."

"మళ్ల చెప్పు" అన్న.

ఇనబడక కాదు.