మొదటి దిన్నె

పెనుకొండ రోడ్డున కొత్త గోల్ఫు మైదానమంట,
పటం పరిచి అడుగుతుండావు గదా ఇంజనీరు సామీ
మొదటి దిన్నె ఎట్లుంటే మనిషి మరిచిపోడని.
కుర్చీలో చెప్పే మాట కాదది, లెయ్,
గుంతకల్లు లోకో షెడ్డు వెనక్కి నడు.

ఊరి పేరులోనే గుంత ఉండాది,
ఇంక ఈ ఆట రాకుండా యాడికి పోతాది?
తొమ్మిది గుంతలు, తొమ్మిదీ గరుసు నేలలో.
పచ్చిక మొలిస్తే మేకలకే చాలదు,
అందుకని గుంత చుట్టూ ఇసకలో ఇంజను నూనె కలిపి
దోసె పెనం మాదిరి నున్నగా పరిచేవాళ్లం.

మా నాయన షెడ్డులో బొగ్గు ఎత్తేటోడు.
'కుళ్ళాయప్పా, టీ కాడ పని ఉందంట, పో' అన్నాడు.
గ్లాసులు కడగాలేమో అనుకొని
పీచు, బూడిద తీసుకొని పోయినా.
దిన్నె మీదున్న దొరలందరూ నవ్వినారు.
పదకొండేండ్లు నాకు. ఆ నవ్వుతోనే నా ఆట మొదలు.

కట్టె మేకులు మద్రాసు నుంచి రావాల, వస్తే విరుగుతాయి.
దిన్నె పక్కన ఒక రేకు బొక్కెన, దాంట్లో తడిపిన ఇసక.
మూడు వేళ్లతో చిటికెడు తీసి
మా అమ్మ పసుపు గౌరమ్మను చేసినట్టు
మొన తేల్చి నిలబెట్టి, నెత్తిన బంతి పెట్టి
వెనక్కి జరగాల, నీడ బంతి మీద పడకుండా.
కుళాయి తొమ్మిదినాళ్లకొకసారి వచ్చిన ఎండల్లో కూడా
ఆ బొక్కెన ఆరలేదు.
మా ఇంటి బిందె ఆరింది. అది వేరే లెక్క.

ఆ దిన్నెకు అందమంటూ ఏమీ లేదు.
ఎదురుగా సిగ్నల్ కంబం, కుడిపక్క బూడిద కుప్ప.
కానీ బళ్లారి ప్యాసింజరు అవుటర్లో ఆగితే
కిటికీల నిండా తలకాయలు.
మందన్న సారని కొడగాయన, కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు,
తెల్లబట్టలేసి, గాలి చూసి, నడుం తిప్పి కొట్టినాడు.
బంతి అట్లే ఉంది. ఇసక కూడా చెదరలేదు.
మూడో బోగీలో చెనిక్కాయలు వలుస్తున్న ముసలామె
'ఇంగోసారి కొట్టు నాయనా, ఎవురూ సూళ్లేదులే' అనింది.

ఎన్ని ఊళ్లు తిరిగినాడో, ఎన్ని కప్పులు గెలిచినాడో,
బదిలీ అయి పోయేటప్పుడు
నాతో మాట్లాడింది ఆ ముసలామె గురించే.

అందుకే అంటాను, దిన్నెకు కావాల్సింది చూసే కండ్లని.
కాదు, ఉండు. అది కూడా పూర్తిగా నిజం కాదు.

సమ్మె జరిగిన ఎండాకాలం
పట్టాల మీద చీమలు తిరిగినాయి.
దొరలు రాలేదు. సంచులు మోసే మేమూ ఇంట్లోనే.
మొదటి దిన్నె మీద కొట్టే హక్కు మాకు లేదు,
పొద్దుగూకినాక, షెడ్డు చాటున, నాలుగో దాని కాడ ఆడుకోవచ్చు.
ఆ రోజు ఎక్కినా.
ఒక పాత కర్ర, ఒక బంతి, చెంబుడు నీళ్లు.
పన్నెండేండ్లు ఊరికంతా చేసిన ముద్ద
నా కోసం చేసుకుంటే నిలబడలేదు.
మూడుసార్లు కూలింది.
చూసేటందుకు కాకి కూడా లేదు,
చేతులు వణుకుతానే ఉండాయి.

నాలుగోసారి నిలిచింది. కొట్టినా.
బంతి యాడికి పోయిందో చూడలేదు సామీ,
ఇసక వైపే చూస్తా నిలబడినా.
మొన ఎగిరిపోయి, మొదలు తడిగా మిగిలింది.

నీ పటంలో ఫౌంటెన్ ఉండాది, నల్లరాతి పలక ఉండాది,
పూలచెట్లు గీసినావు. ఉండనీ, బాగుండాయి.
తూర్పుకు మాత్రం తిప్పద్దు,
ఏడు గంటల ఎండ కండ్లలో పడితే బంతి కనపడదు.
ఇంగ, ఎడమ పక్క, రెండడుగులు వెనక
ఒకడు నిలబడేంత జాగా వదులు,
వాని నీడ బంతి మీద పడని చోట.