నలభై ఎనిమిదో లెవెల్

జహ్రాలో పెళ్లి హాలు వెనక పార్కింగు.
రాత్రి పదకొండైనా నేల పెనంలా కాలుతోంది.
ఇంజను ఆపొద్దంది మామా,
వాళ్లొచ్చేసరికి కారు చల్లగా ఉండాలి.
గంటన్నరగా
ఆ చల్లదనానికి నేను కాపలా.

ఫోన్‌లో నలభై ఎనిమిదో లెవెల్.
సోమవారం నుంచి ఇక్కడే ఇరుక్కున్నా.
ఒక కారు. ముందొకటి, మధ్య మూడు, వెనక మూడు.
ఏడుగుర్ని వేలితో లాగి కూర్చోబెట్టాలి.
అవ్వకు మోకాళ్లు వంగవు, సందుల్లో దూరలేదు.
తుమ్ములాయన, పిల్లినెత్తుకున్న పాప
ఒకే వరసలో పనికిరారు.
అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు, వాళ్లూ అంతే.
పిల్లోడికి చివర కూర్చుంటే వాంతి,
పైగా చేతిలో కారిపోయే ఐస్‌క్రీము,
తెల్లబట్టలాయన పక్కన అసలే వద్దు.

ఎట్లా తిప్పినా ఎవరో ఒకరి మొహం ఎర్రబడుతుంది,
నెత్తిమీద చిన్న మబ్బు, అందులో మెరుపు.
అలకలు నాకు కొత్తా?
పదకొండేళ్లుగా ఈ జీఎంసీ తలుపులు తీసి వేస్తున్నా.
ఎవరి సెంటు పడక ఎవరు కిటికీ దించమంటారో,
ఎవరి ఫోను అద్దంలో నాకు కనబడకూడదో,
ఏ రోజు ఎవరి మధ్య హ్యాండుబ్యాగు గోడై లేస్తుందో
అడక్కుండా చెప్పగలను.
ఈ బొమ్మల దగ్గరే ఓడిపోతున్నా.

స్టీరింగు దగ్గర ఒక బూడిదరంగు మనిషి కూడా ఉన్నాడు.
టోపీ ఉంది. ముక్కూ మొహం గీయలేదు.
ఊరికే లాగి చూశా.
ఫోను చేతిలో ఒకసారి వణికింది, అంతే.
వాడి గురించి షరతుల్లో ఒక్క ముక్కా లేదు.

అద్దం మీద టకటకా. ఓబులమ్మ.
ఫాయిల్లో చుట్టిన అన్నం, రెండు మాంసం ముక్కలు, నిమ్మచెక్క.
"తిను. లోపల ఇంగా కేకు కొయ్యలా."
చిట్వేలి మనిషి.
పాప నిద్రపోయిందట, పది నిమిషాలు దొరికాయట.
ముందు తలుపు తెరిచింది గానీ సీట్లో కూర్చోదు,
బయటే నిలబడి ఫోన్లోకి తొంగి చూసింది.
షరతులు నేనే చదివి వినిపించా.

"ఈ తెల్లబట్టలాయప్పను
ముందరెందుకు కూసోబెట్టినావు?"

నోరు తెరిచా.
ఎందుకంటే
ఎక్కడా అట్లా రాసిలేదు.
ఇన్ని రోజులూ అందర్నీ కదిపా,
ఆయన్ని మాత్రం
ఎక్కించిన మొదటి నిమిషం నుంచీ ముట్టుకోలేదు.

"ఎనక్కి తోలు. ఆడ ఏం కాదు,
ఆరేండ్లుగా కూసోనుండా, నాకు తెల్దా?
ముసిలామెను ముందరికి తెచ్చుకో."

పసుపంటిన చిటికెనవేలితో తనే లాగేసింది.
ఆయన చివరి వరసలో బుద్ధిగా సర్దుకున్నాడు.
మిగిలినవాళ్లు పొద్దుగూకిన కోళ్లలా
ఎవరి గూట్లోకి వాళ్లు పోయారు.
మూడు చుక్కలు రాలాయి, డప్పు మోగింది,
'అందరూ సంతోషం!' అని రాసొచ్చింది.
ఓబులమ్మ నవ్వాపుకోలేక తలుపు పట్టుకుని వంగిపోయింది.
"బాబాను ఒగసారి ఎనక్కి తోల్దామా అబ్బీ?"

"దరేవల్!"

ఫోను సీటు కింద. అన్నం దాని పక్కన.
బాబా ముందు కూర్చున్నాడు.
పెద్దమ్మను ఇద్దరం చెరో పక్క పట్టి
మధ్య వరసలోకి ఎక్కించాం,
మోకాలు వంగిన ప్రతిసారీ ఆమె దేవుణ్ణి పిలిచింది.
తర్వాత లోపలి నుంచి పెట్టెలొచ్చాయి.
మిఠాయివి, సెంటువి, రిబ్బను కట్టినవి,
పడితే పగిలేవి.
వీటికి ఏ షరతూ లేదు.
చివరి వరస పైకప్పు దాకా నిండింది.

స్టీరింగు మీద నా వేలు
ఊరికే అటూ ఇటూ జరిగింది.

ఓబులమ్మ చున్నీ నడుముకు చుట్టి
పెట్టెల సందులోకి పక్కగా దూరింది.
ఒడిలో ఒక పెట్టె, పెట్టె మీద పాప.
తలుపు వేశా. అద్దం సర్దుకున్నా.
అందులో రిబ్బన్లు తప్ప ఎవరూ లేరు.

కాసేపటికి వాటి పైనుంచి ఒక చెయ్యి లేచింది,
చిటికెనవేలికి ఇంకా పసుపు.
పోనీ, అంది.