పేజీన్నర

విడవలూరు హైస్కూల్లో ఏడో తరగతి బి సెక్షన్‌కి
జూన్‌లోనే బోర్డు మీద రాసిపెట్టాను:
రోజూ పాఠం పైకి చదవాలి,
రాత్రికో పేజీ సొంతంగా రాయాలి,
గైడు చూసి దించితే నాకు తెలిసిపోతుంది.

పెంచల కిశోర్ నోట్సులో
ఎనిమిదో పాఠం జవాబుల్లేవు.
ఉన్నది ఇదీ:

"మేడం, రాత్రి రెండింటికి కరెంటు పొయ్యింది.
గుంటలో ఏరియేటర్లు ఆగిపొయ్యేసరికి
నిశ్శబ్దానికి మెలకువ వచ్చింది.
రొయ్యలు పైకొచ్చేశాయి.
నాయన జనరేటర్ తిప్పతా ఉంటే నేను టార్చి పట్టినా.
నీళ్ళ మీద అన్నీ కళ్ళే,
ఎర్రంగా, నిపురవ్వల మాదిరి.
అందుకని హోంవర్కు రాయలేదు."

పేజీన్నర. మూలన డీజిల్ వేలిముద్ర.

నిప్పురవ్వకి ఒత్తు పెట్టాను.
'రాయలేదు' దగ్గర
ఎర్ర పెన్ను ఆగిపోయింది.
కొట్టెయ్యనా, ఉంచనా?

పిలిస్తే చేతులు కట్టుకుని వచ్చాడు.
అడక్కముందే, "రేపు రాస్తా మేడం."

"రాయి. ఎనిమిదో పాఠం నీకోసం అట్నే ఉంటుంది.
ఇది మటుకు సగంలో ఆపావేం?
రొయ్యలేమైనాయి?"

చొక్కా గుండీ తిప్పుకుంటా నిలబడ్డాడు.

"నాయన ఇంకా లెక్కేస్తన్నాడు మేడం."