యాభై ఆరు

సింగరాయకొండ దాటి తూర్పుకు తిరిగితే
ఉప్పు కొటార్ల పక్కన మా సంఘం గోడౌను.
గోనెసంచుల మీద కూర్చుని
నూట పదిహేడు మందిమి
ఒక మధ్యాహ్నం పాటు ప్రజాస్వామ్యమయ్యాం.

మడులు రొయ్యల కంపెనీకి కౌలుకిద్దామా, వద్దా?
"ఇద్దామనేవోళ్లు చెయ్యెత్తండా" అన్నాడు ప్రెసిడెంటు మాలకొండయ్య.
లేచాయి,
ఉప్పు తినేసిన చేతులు,
పగుళ్లలో తెల్లపొడి ఇంకిన చేతులు.

నేను కార్యదర్శిని. లెక్కపెట్టడం నా పని.
వేలితో గాలిని పొడుస్తూ ఒకసారి,
అనుమానమొచ్చి వెనక వరసనుంచి ఇంకోసారి.
అరవై ఒకటి.

యాభై ఆరుమందిని
చెయ్యెత్తమని ఎవరూ అడగలేదు.
తీసివేతలో తేలిపోయారు.
టీ మాత్రం అందరికీ వచ్చింది.

"మెజారిటీతో ఆమోదించడమైనది"
అని మినిట్సు పుస్తకంలో రాశాను.
ఆ వాక్యం ఎంత నున్నగా ఉందంటే
అందులో చెంచమ్మ చెయ్యి కనపడదు.
అప్పిచ్చిన శేషగిరి మొహం చూశాక
అందరికంటే ఆలస్యంగా లేచి
చెవి దాకా వచ్చి ఆగిన చెయ్యి.
సగం చేతికి సగం ఓటు లేదు గదా,
ఒకటని వేసుకున్నాను.

రాత్రి నిద్రపట్టక మళ్లీ లెక్కేశాను.
మూడు చేతులు దిగుంటే చాలు,
ఇటుది అటయ్యేది.
చెంచమ్మదొకటి.
కంపెనీ గేటు కాడ వాచ్‌మన్ కొలువుకి ఆశపడ్డ పెంచలయ్యదొకటి.
మూడోది
నా పెన్ను పట్టిన చేతికి తోడబుట్టింది.

తప్పనను.
సోమవారం పొద్దున్నే మడికి నీళ్లు పెట్టాలో వద్దో
ఏదో ఒకటి తేలాలి.
తలలు పగలకుండా తేలడం చిన్న సంగతేం కాదు,
మా తాతలు ఇదే గట్టు మీద
పారలతో తేల్చుకున్నారు.
కానీ లెక్క ఎందరో చెప్పింది,
ఏది మంచిదో చెప్పలా.
కుండెడు గంజిలో ఉప్పెప్పుడూ తక్కువే.
చేతులెత్తమంటే
గంజే గెలుస్తుంది.

వైశాఖంలో పొక్లెయిన్ వచ్చింది.
మొదటి గుంట తవ్వేచోటికి ఆనుకునే
వెంకాయమ్మ మడి.
ఆ యాభై ఆరులో పెద్ద గొంతు ఆమెదే.
తెల్లారకముందే వచ్చి నా గడప ముందు కూలబడింది.
తిడుతుందనుకున్నా.

"గెలిచినోళ్లు గెలిచారులే అబ్బయా.
నా మడికి సముద్రపు నీళ్లొచ్చే కాలవ
మీ గట్టు కిందనుంచే గదా పోతా ఉండేది.
దాన్ని పూడ్చమని యాడన్నా రాశావా?"

పుస్తకం తెచ్చి చూశాను.
రాయలేదు.
పూడ్చొద్దనీ రాయలేదు.

సంతకాల పైన రెండు గీతలంత ఖాళీ.
పెన్ను ఆమెకివ్వబోయాను.

"ఓడినదాన్ని నేను రాస్తే ఏడుపంటారు.
అరవై ఒకట్లో వోడివి,
నువ్వు రాయి."

ఉప్పుగాలికి
సిరా గడ్డకట్టింది.
రెండుసార్లు విదిలించాను.