రెంటికీ చెడ్డ బండి

ముందు నుంచి చూస్తే కారు.
పక్కకి నాలుగడుగులు వేసి చూస్తే
కప్పు సీటు వెనక తెగిపోయి
ఇనుప తొట్టి మొదలవుతుంది,
గీసినవాడు సగంలో మనసు మార్చుకున్నట్టు.

"ఇది కారా, ట్రక్కా?"
రిజిస్ట్రేషన్ ఆఫీసులో కిటికీ వెనకామె అడిగింది.
ఫారంలో గళ్లు రెండు.
డెల్ఫీనో రెండిట్లోనూ టిక్కు పెట్టాడు.
ఆమె తిప్పి పంపింది.
మళ్లీ రెండిట్లోనూ పెట్టాడు,
ఈసారి కింది కాగితం మీద కూడా అచ్చు పడేలా నొక్కి.

మిల్లు మాలో సగం మందిని ఇంటికి పంపిన ఏడాది కొన్నాడు దాన్ని.
డెబ్బై రెండు మోడల్ ఎల్ కమీనో.
వాళ్ల అమ్మమ్మ భాషలో ఆ మాటకి దారి అని అర్థం.
దారి ఎక్కడికోయ్ అంటే
కంకర కొట్టుకి అనేవాడు.

సోమవారం కంకర.
బుధవారం అత్తగారి ఫ్రిజ్, నిలబెట్టి, తాళ్లతో.
ఆగస్టు చివర్లో గోనెసంచుల నిండా మిరపకాయలు,
ప్యూబ్లో ఊరంతా కమురు వాసన.
శనివారం గొట్టం పెట్టి కడిగేస్తే
ఆదివారం చర్చి ముందు అదే బండి, పెళ్లికొడుకులా.

ట్రక్కులవాళ్లు నవ్వుతారు: ఇందులో దూడ కూడా పట్టదు.
కార్లవాళ్లు నవ్వుతారు: పిల్లలెక్కడ కూర్చుంటారు?
రెంటికీ చెడ్డ రేవడి అని తీర్పు.
ఆ తీర్పంటేనే మాకు ముద్దు.
పని బట్టలతో పెళ్లికి వెళ్లినవాళ్లం,
పెళ్లి బూట్లతో కొలిమి ముందు నిలబడ్డవాళ్లం,
మమ్మల్ని మాత్రం ఏ గడిలో పెడతారు?

డోనట్ల కొట్టు వెనక ఖాళీ జాగాలో
ఏడెనిమిది బళ్లు, బానెట్లు ఎత్తుకుని,
పళ్ల డాక్టరు దగ్గర నోళ్లు తెరిచినట్టు.
స్టాన్ పెర్కో పాత బనీనుతో బంపరు తుడుస్తాడు,
తుడిచిందే తుడుస్తాడు.
తుప్పు గురించి మాట్లాడితే గొంతు తగ్గిస్తాం,
ఇంట్లో జబ్బు మనిషి ఉన్నట్టు.

నాది రాంచెరో. అరవై ఎనిమిది. ఫోర్డ్.
నాకూ డెల్ఫీనోకీ అక్కడే చెడింది,
ముప్పై ఏళ్లు చెడుతూనే ఉంది.
"ఫోర్డ్ ఎక్కడం కన్నా నడిచిపోతాను" అనేవాడు.
ఒకసారి వానలో నిజంగానే నడిచాడు, నాలుగు మైళ్లు.
పక్కనే నేను, అద్దం దించుకుని,
నడకంత వేగంతో తోలుతూ, బతిమాలుతూ.

నవంబరులో పోయాడు.
పేటిక తన బండిలోనే వెళ్లాలని రాసిపెట్టి పోయాడు.
పొద్దున్నే అందరం చుట్టూ చేరాం.
తాళం తిప్పితే ఒక దగ్గు.
మళ్లీ తిప్పితే అదీ లేదు.
ప్లగ్గులు తుడిచాం, కార్బ్యురేటరు విప్పాం,
కోటు చేతులకి గ్రీజు.
ఫాదరు రెండుసార్లు గడియారం చూశాడు.
అప్పుడు యూలాలియా, అతని భార్య,
చేతులు కట్టుకుని అంది:
"ఇక చాలు. ఆ ఫోర్డ్ తీసుకురండి."

కాసేపు ఎవ్వరూ నవ్వలేదు.
ముందుగా కదిలినవి స్టాన్ భుజాలు.

తొట్టి ఒక జానెడు చాల్లేదు.
వెనక తలుపు దించి, దుప్పటి పరిచి, తాళ్లు బిగించాం.
చట్టం అడగకపోయినా
బయటికొచ్చిన కొసకి స్టాన్ ఎర్రగుడ్డ కట్టాడు.
పదిహేను మైళ్లు దాటనివ్వలేదు నేను.
దారంతా అద్దంలోకే చూశాను,
దిగి నడిచిపోతాడేమోనని.

సోమవారం యూలాలియా ఊరికే తాళం తిప్పిందట.
ఒక్క తిప్పుకే లేచిందట ఆ షెవీ.
నేను వెళ్లేసరికి వాకిట్లో లేదు.
కంకర తేవడానికి వెళ్లిందని
పక్కింటి కుర్రాడు చెప్పాడు.