గీతల మధ్య దూరం

నారిన్ బడిలో గోడ మీది పటం
ఇప్పుడు లేని దేశానిది.
దాని చిరుగుకి నేనే గుడ్డపట్టీ అంటించాను.

"భూగోళం కూడు పెడుతుందా టీచర్?"
ఐజిరెక్ తండ్రి, గుర్రం దిగకుండానే అడిగాడు.
జవాబు లేదు నా దగ్గర.
జీతం చూసి రెండు నెలలైంది,
లెక్కల మాస్టారు అప్పటికే టాక్సీ తోలుతున్నాడు.

ఆ పిల్లకు నేను నేర్పింది కొంచెమే:
గీతలు దగ్గరైతే నిట్టనిలువు,
దూరమైతే గొర్రెలు నడిచే వాలు.
మిగతాది బిష్కెక్‌లో నేర్చుకుంది,
ఉపగ్రహం కళ్లతో కొండను చూడడం,
మంచు కరిగి నిండిన చెరువు
ఏ వేసవికి గట్టు తెంచుకుంటుందో లెక్కకట్టడం.

నిన్న జీపులో వచ్చింది, ఉద్యోగం పని మీద.
బానెట్ మీద పటం పరిచి
"నీళ్లొస్తే ఇటు పోతాయి" అంది.
బురుల్ అవ్వ వంగి చూసింది.
అక్షరం రాని వేలు
రెండంగుళాలు పక్కకి జరిగింది.
"మా అత్త కాపురానికొచ్చినప్పుడు ఏరు ఇక్కడ పారేదట.
గడ్డి మొలిచిందని
దారి మరిచిపోతుందా?"

ఐజిరెక్ వాదించలేదు.
రబ్బరు తీసి గీత చెరిపింది,
అవ్వ వేలి వెంట కొత్తది గీసింది.
ఆ పాఠం మాత్రం నేను చెప్పింది కాదు.

కొత్త గీత మీదే ఉంది
వాళ్ల నాన్న గొర్రెల దొడ్డి.
చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇవాళ పొద్దున్నే
ఆయన గుర్రం దిగాడు.
గుంజలు పీకుతున్నాడు.
ఒక చివర నేను పట్టుకున్నాను.