ఏడో పేజీలో మసక

రేపు తొమ్మిదింటికి ఇంగ్లీషు లిటరేచరు, ఆఖరి పేపరు.
డే అండ్ నైట్ కూడలి పక్క సందులో
పైడయ్య జిరాక్సు కొట్టు.
కరెంటు పోయి, వచ్చి, పోయి,
మళ్లీ వచ్చేసరికి రాత్రి ఎనిమిది.
పెనం మీంచి తీసిన అట్ల లాంటి కాగితాల్ని
ఊదుకుంటూ పంచుకున్నాం.

పదకొండు ప్రశ్నలకి పదకొండు మోడల్ జవాబులు.
రాసినావిడ్ని చూసినవాళ్లు లేరు.
"హేమసుందరట, టెక్కలి గుంట.
గోల్డ్ మెడల్ వొచ్చినాదట" అంటాడు ఢిల్లేశ్వర్రావు.
"కాదురా, ఫెయిలయిపోనాదట" అంటుంది నీలవేణి.
ఇద్దరికీ సాక్ష్యం ఆ చేతిరాతే:
నాగావళి వంతెన మీద
ఎదురుగాలికి సైకిలు తొక్కేవాళ్లలా
ముందుకి వంగిన అక్షరాలు.

కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ.
మూడో పేజీలో ఎవరిదో టీ గ్లాసు మరక,
గ్రహణం పట్టిన చందమామలా.
ఏటేటా దాన్ని కూడా
రూపాయిచ్చి భక్తిగా తీయించుకున్నారు సీనియర్లు.

ఏడో ప్రశ్న మంచు మీద పద్యం.
కవి మంచుని ఎలా చూశాడు? పది మార్కులు.
మాకేం తెలుసు?
మా మాటలో పొగా మంచే, తడీ మంచే,
ఐసూ మంచే.
మేం చూసిందల్లా
పుష్యమాసంలో కాలేజీ బస్సు అద్దం మీద
వేలితో పేరు రాసుకునేంత.

హేమసుందరి, ఆవిడ పేరు అదే అయితే,
నాలుగో పేరాలో ఇలా రాసింది:
ఈ పద్యం చదివినప్పుడల్లా నాకు
మా ఇంట్లోని...
అక్కడ మసక. ఒక్క మాట మేర.
ఆ తరవాత, గుర్తొస్తుంది, అని తేలుతుంది వాక్యం.

ట్యూబులైటుకి ఎదురు పట్టి చూశాం.
తిరగేసి చూశాం.
"ఒరిజినల్ ఉందేటి పైడయ్యా?"
"ఒరిజినలేటమ్మా,
నాకాడికొచ్చిందే జిరాక్సు."

"ఉప్పు అని రాసీండి" అన్నాడు ఢిల్లేశ్వర్రావు.
వాళ్లది నౌపడ. సెలవల్లో మడుల్లో పని.
"రాశి పోసిన ఉప్పు మీద వెన్నెల పడితే..."
అని ఆగి, సిగ్గుపడి,
"పది మార్కులకి చాల్లే" అన్నాడు.
నీలవేణి పెన్ను మూత కొరుకుతూ చెప్పింది:
"నానా లైను వొదిలెస్తాను.
మా ఇంట్లో తెల్లగున్నది ఏదీ నేదు."
ఎవరం నవ్వలేదు.

పొందూరు చేరేసరికి పది దాటింది.
అమ్మ గడప దగ్గర కూర్చుని
వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది.
ఏప్రిల్ ఉక్కలో కూడా
మా ఇంట్లో పని వేళ ఫ్యాను తిరగదు.
నూగు ఎగిరిపోతుంది.
జుట్టులో ఆ తెలుపు చూసి
క్లాసులో ముసిలమ్మా అని పిలిచేవారు నన్ను.
ఏడాది పొడుగునా
ఇంటి ముందు మలుపులో తల దులుపుకుని గాని
కాలేజీకి వెళ్లలేదు.

"ఏటి సదువుతున్నావు?"
"మంచు గురించమ్మా."
"మంచుకి సదువేటి?
పెందరాళే లెగిస్తే కనపడదా?"
బల్బు కింద నూగు దిగుతోంది.
పడినది కనపడదు.
పడుతున్నదే కనపడుతుంది.
మసక మీద నీలం పెన్నుతో
పత్తి అని రాశాను.

ఏడో ప్రశ్న రాలేదు.

హాలు బయట వేపచెట్టు కింద
రెండో ఏడాది వాళ్లు కాసుకుని ఉన్నారు.
"అక్కా, మోడల్ ఆన్సర్లు!"
ఇవ్వబోతూ ఆగి,
పెన్సిలు చెక్కే బ్లేడుతో
నా మాటని గీకేశాను.
ఎక్కువ గీకినట్టున్నాను, చిల్లు పడింది.

పైడయ్య ఆ చిల్లులోంచి
వీధిని ఒకసారి చూశాడు.
"పర్లేదమ్మా,
మూత ఏసి తీస్తే
తెల్లగానే వొస్తాది."